స్టీఫెన్ గిరార్డ్: ఓడల యజమాని రాసిన వీలునామా

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఫిలడెల్ఫియాలో వీధికీ, బడికీ, పాత బ్యాంకు భవనానికీ గిరార్డ్ అన్న పేరే ఎందుకు ఉంది? పరదేశం నుంచి వచ్చినవాడు అంత డబ్బు ఎలా సంపాదించాడు? ఒకరు మహాదాత అంటుంటే, మరొకరు బానిసల యజమాని, నల్లజాతి పిల్లలను గేటు దాటనివ్వనివాడు అంటున్నారు, ఎవరిని నమ్మాలి? హైతీ భూస్వాముల నగలు మింగేశాడన్న కథ నిజమేనా అని కూడా అడిగారు. దాని సంగతి చివర్లో చూద్దాం.

దానపత్రాలు, వీలునామాలు చదవడమే వృత్తిగా చాలా ఏళ్లు గడిపినవాడిని కాబట్టి నా చూపు కొంత అటువైపే మొగ్గుతుంది. ఇద్దరి మాటా నమ్మవచ్చన్నది నా జవాబు. దూర సముద్రాల్లో ఉన్న కెప్టెన్లకు పేజీలకు పేజీలు ఆదేశాలు రాసి పని జరిపించుకున్న వ్యాపారి ఆయన. తాను పోయాక కూడా అలాగే జరగాలని వీలునామా రాశాడు. ఆ రాతలోని బిగువు వల్లే ఆయన పెట్టిన బడి నిలిచింది. అదే బిగువు వల్ల ఆ బడి 120 ఏళ్లు ఒక జాతి పిల్లలకే పరిమితమైంది. ఈ రెంటినీ విడదీసి ఒకదాన్ని మెచ్చుకుని ఇంకొకదాన్ని మరిచిపోవడం కుదరదు.

ముందు డబ్బు సంగతి. చిల్లిగవ్వ లేకుండా వచ్చి కోటీశ్వరుడైన కథగా దీన్ని చెబుతుంటారు గాని, అది పూర్తి నిజం కాదు. గిరార్డ్ 1750 మే 20న ఫ్రాన్సులోని బోర్డో రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్, వర్తకుడు. గిరార్డ్‌కు కుడి కన్ను చిన్నప్పటి నుంచే కనిపించదు. పెద్దగా చదువు లేదు. పద్నాలుగో ఏట ఓడ ఎక్కాడు. కెప్టెన్ పత్రానికి ఇరవై అయిదేళ్ల వయసు, నౌకాదళంలో కొంత సేవ ఉండాలన్నది అప్పటి ఫ్రెంచి నిబంధన. మినహాయింపు సంపాదించి 1773లో, ఇరవై మూడేళ్లకే ఆ పత్రం చేతబట్టుకున్నాడు. డబ్బు లేదేమో గాని వృత్తి ఉంది, రేవు మనుషుల పరిచయం ఉంది, సరుకు ధర పసిగట్టే అలవాటు ఉంది. వలస వెళ్లినవాడు వెంట తీసుకెళ్లే ఆస్తిలో ఇవి డబ్బుకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి.

మొదటి బేరం మాత్రం బెడిసికొట్టింది. బోర్డోలో అప్పు మీద సరుకు కొని ఫ్రెంచి వలస ద్వీపమైన సాన్ డొమింగ్‌కు, అంటే నేటి హైతీకి, తీసుకెళ్లి నష్టానికి అమ్మాడు. అప్పు తీర్చకుండా బోర్డోకు తిరిగివెళితే ఏమవుతుందో తెలుసు. అందుకని 1774లో న్యూయార్క్ చేరి అక్కడి ఒక వర్తకుడి దగ్గర కుదిరాడు. 1776లో ఒక చిన్న ఓడతో వస్తూ, సముద్రంలో బ్రిటిష్ యుద్ధనౌకల భయంతో డెలవేర్ నదిలోకి తిప్పి ఫిలడెల్ఫియా చేరాడు. కొద్ది వారాల్లో అదే ఊళ్లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. దాని కోసం ఆయన వచ్చాడని ఎవరైనా రాస్తే నమ్మకండి. నది ఒడ్డున వాటర్ స్ట్రీట్‌లో దుకాణం పెట్టి, 1778లో పెన్సిల్వేనియా పౌరుడిగా ప్రమాణం చేశాడు. బోర్డోలోని పాత బాకీలు తర్వాత తీర్చేశాడు.

అసలు సంపాదన 1790ల తర్వాతిది. ఫ్రాన్సు, బ్రిటన్ ఇరవై ఏళ్లకు పైగా కొట్టుకున్నాయి. ఆ రెండు దేశాల సరుకునూ తటస్థ దేశపు జెండా కింద మోయగలిగినవాళ్లు అమెరికన్లు. గిరార్డ్‌కు ఫ్రెంచి మాతృభాష, ఇంగ్లీషు వ్యాపార భాష, కరీబియన్ ద్వీపాలు కొట్టినపిండి. అక్కడి పంచదార, కాఫీ యూరప్‌కు చేరవేయడం, అక్కడ వచ్చిన సొమ్ముతో చైనాలోని కాంటన్ రేవు నుంచి తేయాకు, పట్టు తెప్పించడం ఆయన వ్యాపారం. ఓడలకు వోల్టేర్, రూసో, మాంటెస్క్యూ, హెల్వేషియస్ అని ఫ్రెంచి తత్వవేత్తల పేర్లు పెట్టుకున్నాడు. కాంటన్‌లో తేయాకు కొనడానికి వెండి కావాలి. వెండికి బదులు పనికొచ్చిన సరుకుల్లో టర్కీ నల్లమందు ఒకటి. దాన్ని అక్కడి స్మిర్నా రేవు నుంచి చైనాకు మోసిన తొలి అమెరికన్ వర్తకుల్లో ఈయనా ఉన్నాడు. పొగడ్తల పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. కరీబియన్ పంచదార బానిసల చెమట అన్న సంగతినైతే ఆ ఒక్క వాక్యం కూడా లేకుండా వదిలేస్తాయి.

ఆయన కెప్టెన్లకు రాసిన ఉత్తరాలు చూస్తే మనిషి అర్థమవుతాడు. ఏ రేవులో ఆగాలి, ఏ కంపెనీ చేతికి సరుకు ఇవ్వాలి, ఎంతకు తగ్గితే అమ్మకూడదు, ఓడ మీద ఏ ఖర్చు అనవసరం, అన్నీ ముందే రాసి ఇచ్చేవాడు. చెప్పినదానికి భిన్నంగా బేరం చేసి లాభం తెచ్చిన మనిషిని కూడా పని నుంచి తీసేశాడని ఒక కథ ఉంది. ఈసారి లాభం వచ్చింది సరే, వచ్చేసారి నష్టం తెస్తాడు అన్నది ఆయన తర్కమట. నిజంగా జరిగిందో లేదో గాని, స్వభావానికి సరిపోయే కథ.

యుద్ధాల గాలి పసిగట్టడంలో ఆయనను మించినవాడు లేడు. బ్రిటన్‌తో పోరు తప్పదని గ్రహించి, లండన్‌లో బేరింగ్ అనే బ్యాంకింగ్ సంస్థ దగ్గర నిలవున్న తన సొమ్మును వెనక్కి రప్పించడం మొదలుపెట్టాడు. అందులో కొంత భాగం అమెరికా ప్రభుత్వం అనుమతితో నడిచే మొదటి జాతీయ బ్యాంకు వాటాల రూపంలో తెప్పించాడు. 1811లో ఆ బ్యాంకు అనుమతి గడువు తీరింది, కాంగ్రెస్ పొడిగించలేదు. భవనాన్ని గిరార్డ్ కొనేశాడు. పాత బ్యాంకు క్యాషియర్‌ను అదే కుర్చీలో కూర్చోబెట్టి, 12 లక్షల డాలర్ల మూలధనంతో 1812లో సొంత బ్యాంకు తెరిచాడు. అనుమతి లేని సంఘాలు బ్యాంకింగ్ చేయరాదని పెన్సిల్వేనియా చట్టం. ఒంటరి మనిషి చేయరాదని అందులో లేదు. ఆ సందులోంచే నడిచాడు. ఊళ్లోని మిగతా బ్యాంకులు మొదట్లో ఆయన నోట్లు తీసుకోబోమని మొరాయించి, చివరకు దారికి వచ్చాయి. మూడో వీధిలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

1813లో అమెరికా ఖజానా ఖాళీ అయింది. బ్రిటన్‌తో యుద్ధం నడపడానికి ప్రభుత్వం 1 కోటి 60 లక్షల డాలర్ల అప్పు కోరితే ప్రజల నుంచి సగం కూడా రాలేదు. మిగిలినదంతా గిరార్డ్, మరో ఇద్దరు వర్తకులు డేవిడ్ పారిష్, జాన్ జాకబ్ ఆస్టర్ కలిసి ఎత్తుకున్నారు. పారిష్ హాంబర్గ్‌లో పుట్టినవాడు, ఆస్టర్ జర్మనీలోని వాల్‌డార్ఫ్ వాడు, అప్పు అడిగిన ఆర్థిక మంత్రి ఆల్బర్ట్ గాలటిన్ జెనీవా వాడు. దేశానికి కష్టం వచ్చినప్పుడు బల్లకు ఇరువైపులా కూర్చున్న నలుగురూ వలస వచ్చినవాళ్లే. దేశభక్తి లేదనను గాని, వంద డాలర్ల బాండు ఎనభై ఎనిమిదికే దొరికింది, వడ్డీ ఆరు శాతం. దేశం నిలిస్తే లాభం, కూలితే సర్వం పోతుంది. అది దానం కాదు, దమ్మున్న బేరం. అదే ఏడాది డెలవేర్ నది ముఖద్వారంలో బ్రిటిష్ వాళ్లు ఆయన మాంటెస్క్యూ ఓడను పట్టుకున్నారు. 1,80,000 డాలర్లు నాణేల్లో చెల్లించి విడిపించుకుని, అందులోని చైనా సరుకును యుద్ధకాలపు ధరలకు అమ్మి అంతకు ఎన్నో రెట్లు రాబట్టాడు.

ఇంతవరకు చెప్పినదాంట్లో ఊరి జనం తలచుకోవాల్సినది పెద్దగా లేదు. తలచుకోవాల్సినది ఇరవై ఏళ్ల వెనక, 1793లో ఉంది.

ఆ ఏడాది ఫిలడెల్ఫియా దేశ రాజధాని. జనం సుమారు యాభై వేలు. ఎండాకాలం చివర పచ్చజ్వరం మొదలై చలి పడేలోపు అయిదు వేలమందిని తీసుకుపోయింది, అంటే పదిమందిలో ఒకరిని. దోమ వల్ల వస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. అది తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. స్తోమత ఉన్నవాళ్లంతా బళ్లు కట్టించుకుని పల్లెలకు పారిపోయారు, ప్రభుత్వ పెద్దలతో సహా. దిక్కులేని రోగులను ఊరి బయట బుష్ హిల్ అనే పెద్ద బంగళాలో పడేశారు. అక్కడి స్థితిని ఆనాడు చూసి రాసినవాళ్లున్నారు. బతికున్నవాళ్లు, చచ్చినవాళ్లు ఒకే గదిలో. నర్సులుగా కుదిరిన కొందరు తాగి, రోగులకు వచ్చిన ఆహారం తామే తినేవారు. బుష్ హిల్‌కు తీసుకెళ్తామంటే చావుకు పంపుతున్నారని జనం వణికేవారు.

మేయర్ మాథ్యూ క్లార్క్‌సన్ పిలిచిన సంఘం సమావేశంలో, సెప్టెంబరు మధ్యలో, ఇద్దరు తామే వెళ్లి ఆ ఆసుపత్రి నడుపుతామన్నారు. ఒకరు పీటర్ హెల్మ్, పీపాలు చేసే మనిషి. రెండోవాడు గిరార్డ్. డబ్బిస్తామనలేదు, స్వయంగా వెళతామన్నారు. అప్పటికి గిరార్డ్ నలభై మూడేళ్ల స్థిరపడిన వ్యాపారి, సొంత ఓడలున్నవాడు. పారిపోయే వీలు అందరికంటే ఆయనకే ఎక్కువ.

ఇద్దరూ పని పంచుకున్నారు. బావి, వంట, సామాను, బళ్లు, శవపేటికలు, ఇలా బయటి పనంతా హెల్మ్‌ది. లోపలి పని గిరార్డ్‌ది. రోగులను గదులవారీగా వేరు చేయించి, గదులు కడిగించి, పనికిరాని నర్సులను పంపించి, ప్రతి రోగి పేరూ సామానూ రాసే పద్ధతి పెట్టాడు. అక్కడితో ఆగలేదు. గుమ్మం దగ్గర బండి ఆగితే రోగిని చేతులతో ఎత్తుకొచ్చేవాడు. నల్లటి వాంతులు చేసుకుంటున్న మనిషి పక్కన కూర్చుని తుడిచి, మందు పట్టేవాడు. నెల దాటి రెండో నెల నడుస్తున్నా మానలేదు, జ్వరం తగ్గుముఖం పట్టేదాకా రోజూ వెళ్లాడు. వైద్యంలోనూ తన మాట నెగ్గించుకున్నాడు. ఊళ్లో పేరున్న డాక్టర్ బెంజమిన్ రష్ రోగి రక్తం తీయించి, పాదరసం మందుతో విరేచనాలు పట్టించేవాడు. గిరార్డ్‌కు ఆ పద్ధతి మీద మంట. సాన్ డొమింగ్‌లో ఈ జ్వరం చూసిన ఫ్రెంచి డాక్టర్ జాన్ దెవెజ్‌ను బుష్ హిల్‌కు ముఖ్య వైద్యుడిగా పెట్టించాడు. దెవెజ్ చికిత్స అంతా విశ్రాంతి, పానీయాలు, సింకోనా బెరడు. దానితో జ్వరం తగ్గదు గాని, రోగిని వైద్యుడే చంపే ప్రమాదం తగ్గింది.

ఇక్కడ ఇంకొందరి పేర్లు కూడా చెప్పాలి. నల్లజాతివాళ్లకు ఈ జ్వరం అంటదని రష్ నమ్మాడు, అది తప్పు. నల్లజాతి మతపెద్దలు రిచర్డ్ ఆలెన్, అబ్సలోమ్ జోన్స్ ఆ మాట మీద తమవాళ్లను కూడగట్టి ఊరంతా శుశ్రూష చేయించారు, శవాలు మోయించారు. బుష్ హిల్‌లో సేవ చేయడానికి జైలు నుంచి విడిపించిన ఖైదీల్లో మూడింట రెండు వంతులు నల్లజాతివాళ్లేనని వాళ్లిద్దరూ 1794లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో రాశారు. నల్లజాతి నర్సులు డబ్బు గుంజారన్న నిందకు జవాబుగా రాసిన పుస్తకం అది. గిరార్డ్ ఆ గదుల్లో వాళ్ల పక్కనే పనిచేశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వీలునామా దగ్గర అవసరమవుతుంది.

ఇంటి సంగతి క్లుప్తంగా. భార్య మేరీ లమ్ ఓడలు కట్టేవాడి కూతురు, 1777లో పెళ్లయింది. 1785 నుంచి ఆమెకు మతి చెడింది. 1790లో పెన్సిల్వేనియా హాస్పిటల్‌లో చేర్పించాడు. అక్కడే ఒక ఆడపిల్లను కని, ఆ పసిబిడ్డ కొన్ని నెలలకే పోగా, ఆమె ఇరవై అయిదేళ్లు ఆ ఆసుపత్రిలోనే ఉండి 1815లో కన్నుమూసింది. అక్కడి ఆవరణలోనే పూడ్చారు. ఈలోగా ఆయన ఇంట్లో వేరే స్త్రీలున్నారు. పిల్లలు లేరు. ఊరి దక్షిణాన పాసియంక్‌లో ఒక వ్యవసాయ క్షేత్రం కొనుక్కుని, ముసలితనంలో కూడా రోజూ బండి తోలుకుంటూ వెళ్లి పళ్లచెట్లకు కత్తిరింపులు చేసేవాడు. అక్కడి కాయగూరలు బజారులో అమ్మించేవాడు. దేశంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ మనిషి పొలం పంట లెక్క కూడా వదిలేవాడు కాదు. 1830లో ఒక బండి గుద్ది, చక్రం తల మీదుగా పోయి చెవి తెగింది. మరుసటి ఏడాది డిసెంబరు 26న ఇన్‌ఫ్లూయెంజాతో పోయాడు. వదిలిన ఆస్తి 70 లక్షల డాలర్లకు అటుఇటుగా ఉంటుంది.

ఇక వీలునామా. విలియం డ్యువేన్ అనే న్యాయవాదితో కూర్చుని 1830లో రాయించినది. నా దృష్టిలో ఆయన కెప్టెన్లకు రాసిన ఉత్తరాలన్నిటికీ కొనసాగింపు ఇది. మొదటి దానం పెన్సిల్వేనియా హాస్పిటల్‌కు 30,000 డాలర్లు, అంటే భార్య పోయిన చోటికి. అందులోంచే ఇంట్లో బానిసగా ఉన్న హానా అనే నల్లజాతి స్త్రీకి ఏటా 200 డాలర్లు ఇవ్వాలని షరతు. ఆమెకు స్వేచ్ఛ ఇచ్చినదీ ఆ వాక్యంలోనే, కుండలీకరణంలో. తాను బతికుండగా ఇవ్వలేదని గమనించండి. చెవిటి, మూగ పిల్లల బడికి 20,000. పేదలకు చలికాలంలో వంటచెరకు కొనిపెట్టడానికి నగరానికి 10,000. తన దగ్గర పనిచేస్తున్న ప్రతి కెప్టెన్‌కు 1,500 డాలర్లు. అయితే ఆ కెప్టెన్ తన కొలువులో రెండు ప్రయాణాలైనా చేసి ఉండాలి, చివరి ఓడను భద్రంగా ఫిలడెల్ఫియా రేవుకు చేర్చి ఉండాలి. చచ్చిపోతూ కూడా సరుకు దింపించుకునే మనిషి. నదీతీరపు డెలవేర్ అవెన్యూ బాగుచేయడానికి, చెక్క ఇళ్లు తీసేయడానికి నగరానికి 5 లక్షలు. కాలువలకని రాష్ట్రానికి 3 లక్షలు. కాని నగరం ఆ వీధి పని చేసుకోవడానికి కావలసిన చట్టాలు శాసనసభ ఏడాదిలోగా చేస్తేనే ఆ 3 లక్షలూ అందుతాయి. శాసనసభ మారుమాట లేకుండా చేసింది. లూసియానాలో ముప్పైమందికి పైగా బానిసలున్న భూమిని కూడా ఇందులోనే పంచాడు. హానాకు వచ్చిన స్వేచ్ఛ వాళ్లకు రాలేదు. కొన్నేళ్లు ఒక మిత్రుడి అనుభవంలో ఉంచి ఆపైన న్యూ ఆర్లీన్స్ నగరానికి చెందేలా, భూమితో పాటు వాళ్లనూ రాసేశాడు. ఇంట్లోని ఒక మనిషి పట్ల కనికరం, దూరాన ఉన్న ముప్పైమంది పట్ల లెక్కల పుస్తకం. బానిసత్వం గురించి ఆయనకు ఇంతకంటే పెద్ద ఆలోచన ఉందని నాకు అనిపించదు.

అసలు భాగం అనాథల బడి. 20 లక్షల డాలర్లు, చాలకపోతే మిగిలిన ఆస్తి ఆదాయం. తెల్లజాతి పేద మగపిల్లలు, తండ్రి లేనివాళ్లు, ఆరు నుంచి పదేళ్లలోపు చేరాలి. మొదట ఫిలడెల్ఫియా పిల్లలు, ఆ తర్వాత పెన్సిల్వేనియా వాళ్లు, ఆపైన తాను అమెరికాలో మొదట దిగిన న్యూయార్క్ వాళ్లు, ఆఖరికి ఆ ఖండం మీద మొదట వ్యాపారం చేసిన న్యూ ఆర్లీన్స్ వాళ్లు. తన సొంత ప్రయాణాన్నే వరుసక్రమంగా రాసుకున్నాడన్నమాట. గదుల కొలతలు, మెట్ల రాయి, చుట్టూ గోడ కనీసం పది అడుగుల ఎత్తు, పద్నాలుగు అంగుళాల మందం ఉండాలని కూడా రాశాడు. ఏ మతశాఖకు చెందిన పురోహితుడూ అక్కడ ఉద్యోగం చేయరాదు, చూడటానికి కూడా లోపల అడుగుపెట్టరాదు. పిల్లల లేత మనసులు మతశాఖల తగవుల్లో నలగకూడదని కారణం చెప్పాడు. నగరం ఈ లెక్కలను తన మిగతా లెక్కలతో కలపకూడదు, ఏటా శాసనసభకు చూపాలి. తెలిసి షరతు తప్పితే నిధి నగరం చేయి దాటి రాష్ట్రానికి, రాష్ట్రమూ తప్పితే కేంద్రానికి పోతుంది. ఈ చివరి ఏర్పాటు తెలివైనది. డబ్బు ఎవరి చేతిలో ఉందో, వాళ్లు తప్పు చేస్తే లాభపడేవాడిని పక్కనే కాపలా నిలబెట్టాడు. ఇన్నాళ్ల నా అనుభవంలో ఇంత పకడ్బందీగా రాసినవి అరుదు.

ఫ్రాన్సులోని బంధువులు ఊరుకోలేదు. వాళ్ల దావా 1844లో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. బంధువుల పక్షాన నిలిచినవాడు ఆనాటి మహావక్త డేనియల్ వెబ్‌స్టర్. మతగురువులను గెంటేసిన బడి క్రైస్తవానికి విరోధమనీ, దాన్ని ధర్మకార్యంగా చట్టం గుర్తించకూడదనీ ఆయన వాదన. నగరం తరఫున హొరేస్ బిన్నీ, జాన్ సార్జెంట్. న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ తీర్పు నగరానికి అనుకూలంగా వచ్చింది. నగరపాలక సంస్థ ధర్మకర్తగా ఉండవచ్చు, పురోహితులు కానివాళ్లు కూడా నీతి బోధించవచ్చు, కాబట్టి వీలునామా చెల్లుతుంది. అమెరికాలో ధర్మనిధుల చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఈ తీర్పు చదువుతాడు. రాతలో ఏ కొంచెం వదులున్నా ఈ బడి పుట్టేది కాదు.

కట్టడం దగ్గర మాత్రం ముసలాయన మాట పూర్తిగా నెగ్గలేదు. అనవసరపు అలంకారం వద్దు, గట్టిగా, సౌకర్యంగా ఉంటే చాలు అని రాశాడు. ధర్మకర్తల అధ్యక్షుడు, బ్యాంకర్ నికొలస్ బిడిల్‌కు గ్రీకు గుడి మీద మోజు. ఆర్కిటెక్ట్ థామస్ వాల్టర్, తర్వాతి రోజుల్లో వాషింగ్టన్‌లో కాపిటల్ గుమ్మటం గీసినవాడు, ముప్పై నాలుగు భారీ పాలరాతి స్తంభాలతో ఒక ఆలయం లేపాడు. 1833లో శంకుస్థాపన జరిగితే, పిల్లలు చేరినది 1848 జనవరి 1న. 20 లక్షలూ దాదాపు ఖర్చయ్యాయి. బడిని ఆదుకున్నది గిరార్డ్ పోయేముందు వేలంలో కొన్న బొగ్గు భూములు. తూర్పు పెన్సిల్వేనియాలోని ఆ కొండల కింద ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు ఉంది, దాని రాయల్టీలు దశాబ్దాల పాటు అనాథల తిండీ బట్టా చూసుకున్నాయి.

వేలమంది పిల్లలకు తిండి, చదువు, చేతిపని ఆ గోడ లోపల దొరికాయి. ఇది చిన్న విషయం కాదు. ఆ గోడ బయట, ఇరవయ్యో శతాబ్దం నడుమ నాటికి, ఉత్తర ఫిలడెల్ఫియాలో ఉన్నది నల్లజాతి జనం. తండ్రి లేని పిల్లలు వాళ్లలోనూ ఉన్నారు. ధర్మకర్తల మండలి నగర యంత్రాంగంలో భాగమే కాబట్టి అది జాతి చూసి పిల్లలను తిప్పిపంపడం రాజ్యాంగ విరుద్ధమని 1957లో సుప్రీం కోర్టు చెప్పింది. దానికి స్థానిక కోర్టు కనిపెట్టిన ఉపాయం చూడండి. నగర మండలిని తీసేసి, ప్రైవేటు మనుషులను ధర్మకర్తలుగా నియమించింది. ప్రభుత్వం లేదు కాబట్టి షరతు నిలుస్తుందట! వీలునామా రాతను కాపాడటానికి, నగరమే ధర్మకర్తగా ఉండాలన్న వీలునామా మాటనే పక్కన పెట్టారు. నిధి నడపడానికి అన్ని షరతులూ సమానం కావని, ఏది వదులుకోవాలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఎంచుకుంటారని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక్కడ వాళ్లు ఎంచుకున్నది జాతి షరతును నిలబెట్టడం.

1965 మే 1న నల్లజాతి హక్కుల న్యాయవాది సిసిల్ మూర్ నాయకత్వంలో గోడ చుట్టూ పికెటింగ్ మొదలైంది. ఏడు నెలలకు పైగా, ఎండలో, మంచులో, జనం ఆ గోడ వెంబడి నడిచారు. ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి అక్కడే మాట్లాడాడు. చివరకు కోర్టుల్లోనే తేలి, 1968 సెప్టెంబరులో మొదటి నలుగురు నల్లజాతి బాలురు లోపలికి అడుగుపెట్టారు. 1984 నుంచి ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు.

ఇందుకే ఇద్దరి మాటా నమ్మవచ్చన్నాను. గిరార్డ్ కాలంలో అందరూ అలాగే రాసేవారు అన్న సమర్థన మీకు వినిపిస్తుంది. ఆ వాదన నాకు సగమే నచ్చుతుంది. మత విషయంలో ఆయన కాలానికి ఎదురీదాడు కదా. ఊరంతా నొసలు చిట్లిస్తుందని తెలిసే పురోహితులను గేటు బయట నిలబెట్టాడు. బుష్ హిల్‌లో ఎవరి పక్కన పనిచేశాడో ఆయనకు తెలుసు. ఎదురీదే ధైర్యం ఉన్నవాడు ఈ ఒక్కచోట ప్రవాహంతో పోవడం ఎంపికే. అలాగని బుష్ హిల్‌ను దానధర్మాల ప్రదర్శనగా కొట్టిపారేసేవాళ్లతోనూ నేను ఏకీభవించను. అక్కడ ఆయనకు దక్కే పేరు కంటే చచ్చే అవకాశమే ఎక్కువ.

ఇక నగల కథ. సాన్ డొమింగ్‌లో బానిసల తిరుగుబాటు రేగినప్పుడు భూస్వాములు తమ బంగారం, వెండి రేవులో ఉన్న గిరార్డ్ ఓడల్లో దాచి, మిగతాది తేవడానికి ఒడ్డుకు వెళ్లి హతమయ్యారనీ, అడిగేవాళ్లు లేక అదంతా ఈయనకు మిగిలిందనీ చెబుతారు. ఇందులో ఇంకో రూపం కూడా ఉంది, హైతీ నాయకుడు టూసాన్ లూవెర్చూర్ నిధి అని. రెండింటికీ నిలిచే ఆధారం లేదు. పైగా గిరార్డ్ కాగితం పారేసే మనిషి కాదు. ఉత్తరాలు, ఓడల పుస్తకాలు, రసీదులు గుట్టలుగా మిగిలి, బడిలోని ఫౌండర్స్ హాల్‌లో భద్రపరిచారు. వాటి మైక్రోఫిల్ము అదే ఊళ్లోని అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీలో ఉంది. ఏ ఓడ ఏ రేవు నుంచి ఏ సరుకు తెచ్చింది, ఎంతకు అమ్మింది అన్నది ఏళ్లవారీగా కనిపిస్తుంది. కొండంత సంపదకు కాఫీ, పంచదార, తేయాకు, బాండ్ల వడ్డీ చాలు. దొంగ నగలు అక్కర్లేదు. సిగ్గుపడాల్సిన సరుకు ఏదని వెతికితే అది కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది, ఆయన సొంత దస్తూరీలో, నల్లమందు పెట్టెల లెక్కగా.